టమాటా గడియారం

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో కూకట్‌పల్లి నుంచి ఒక అత్తగారు రాసింది ఒకటి ఉంది. నాలుగు పేజీలు. సగం కోడలి మీద ఫిర్యాదు, సగం కోడలి గురించి బెంగ. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆవిడకే తెలిసినట్టు లేదు. కొంచెం కుదించి చెబుతాను.

కోడలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామర్. వారంలో రెండు రోజులు ఆఫీసు, మూడు రోజులు ఇంటి నుంచే పని. బల్ల మీద ఎర్రటి టమాటా బొమ్మలాంటి గడియారం ఒకటి పెట్టుకుంటుంది. దాన్ని తిప్పి పెట్టిందంటే ఇక పిలిచినా పలకదు. ఇచ్చిన కాఫీ చల్లారి మీగడ కడుతుంది. గడియారం గణగణ మోగాక బయటికొచ్చి, బాల్కనీలో అయిదు నిమిషాలు ఊరికే నిలబడి, మళ్ళీ లోపలికి పోతుంది. గోడకు రంగురంగుల చీటీలు అంటించింది. కొన్నిసార్లు గదిలో ఎవరూ లేకపోయినా పైకి మాట్లాడుకుంటుంది. మొన్న ఊరినుంచి వచ్చిన ఆడపడుచు ఇది చూసి, "వదినా, పిల్లను ఎవరికైనా చూపించకూడదూ" అందట. ఇంత చేసీ రాత్రి పదకొండు దాకా ల్యాప్‌టాప్ ముందే. ఈ మధ్య ఉద్యోగం మానేస్తానంటోంది. ఫ్లాటు వాయిదాల్లో సగం ఆ జీతం లోంచే కడుతున్నారు. "ఇది పనా, పని తప్పించుకునే ఎత్తా? మీరే చెప్పాలి" అని ముగించారు.

అమ్మా, ముందుగా మీరు, మీ ఆడపడుచుగారు కూడా నిశ్చింతగా ఉండండి. పిల్లకు ఏమీ కాలేదు. టమాటా గడియారం, గోడ మీద చీటీలు, తనలో తను మాట్లాడుకోవడం - ఈ మూడూ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ప్రపంచమంతటా పాటిస్తున్న పద్ధతులే. ఒక్కోదానికీ ఒక పేరుంది, వెనక ఒక కథ ఉంది. చిత్రం ఏమిటంటే, వాటిలో కొన్ని వంటింట్లోంచీ, పచారీ కొట్లోంచీ వెళ్ళినవే.

టమాటాతోనే మొదలుపెడదాం. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సిస్కో చిరిల్లో అని ఒక కాలేజీ కుర్రాడు ఉండేవాడు. పుస్తకం తెరిస్తే మనసు నిలిచేది కాదు. పేజీ తిప్పేవాడు, బుర్రలోకి ఏమీ ఎక్కేది కాదు. చివరికి తనతో తనే పందెం కట్టుకున్నాడు: ఒక్క పది నిమిషాలు, నిజంగా చదవగలనా? పది నిమిషాలు కొలవడానికి చేతికి దొరికింది వంటింట్లో వాడే టైమరు. అది టమాటా ఆకారంలో ఉంది. ఇటలీ భాషలో టమాటాను పొమొడోరో అంటారు. ఆ పేరే పద్ధతికీ నిలిచిపోయింది. పది నిమిషాలతో మొదలుపెట్టినవాడు రకరకాలుగా ప్రయత్నించి 25 నిమిషాల దగ్గర స్థిరపడ్డాడు. తరవాత సాఫ్ట్‌వేర్ రంగంలోకి వెళ్ళి, తోటివాళ్ళకు నేర్పాడు. 2006లో దాన్ని ఒక చిన్న పుస్తకంగా రాసి అందరికీ అందుబాటులో పెట్టాడు.

పద్ధతి చాలా తేలిక. చేయాల్సిన పని కాగితం మీద రాసుకోవాలి. టైమరు 25 నిమిషాలకు తిప్పి, మోగేదాకా ఆ ఒక్క పనే చేయాలి. మోగగానే కాగితం మీద ఒక గుర్తు పెట్టి, 5 నిమిషాలు విశ్రాంతి. మీ కోడలు బాల్కనీలో నిలబడేది ఆ అయిదు నిమిషాలే. ఆ సమయంలో పని గురించి ఆలోచించకూడదు, ఫోనూ చూడకూడదు. అందుకే ఊరికే నిలబడినట్టు కనిపిస్తోంది. నాలుగు టమాటాలు పూర్తయితే పావుగంట నుంచి అరగంట దాకా పెద్ద విరామం. ఏడు టమాటాల కన్నా ఎక్కువ పట్టే పనైతే దాన్ని ముక్కలు చేసుకోవాలి. ఒక్క టమాటాకు కూడా సరిపోని చిల్లర పనులుంటే నాలుగైదు కలిపి ఒకదాంట్లో చేసేయాలి. వెనక ఎక్కడా పెద్ద శాస్త్రం లేదు. కుక్కరు కూతలు లెక్కపెట్టి పప్పు దించే మనకు ఇది కొత్తగా అనిపించదు.

కానీ ఇందులో ఒక గట్టి నియమం ఉంది. టమాటాను సగానికి కోయకూడదు. అంటే, పదిహేనో నిమిషంలో ఎవరో వచ్చి పని ఆపించారనుకోండి, ఆ పదిహేను నిమిషాలూ లెక్కలోకి రావు. మళ్ళీ మొదటినుంచి 25. మీరు "కాఫీ తాగమ్మా" అని ప్రేమగా తలుపు తీసినప్పుడు మీ కోడలు మొహం చిట్లించిందని రాశారు చూడండి, అది కాఫీ మీదా కాదు, మీ మీదా కాదు.

ఒక్క మాట అంటే ఏమైపోతుంది, ఒక్క నిమిషమేగా, అంటారేమో. అరిసెలు వండుతున్నప్పుడు బెల్లం పాకం దగ్గర నిలబడ్డారనుకోండి. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, చుక్క వేసి, వేళ్ళతో ఉండ అవుతోందా లేదా అని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు వీధి తలుపు దగ్గర ఎవరో పిలిచారు. వెళ్ళొచ్చింది ఒక్క నిమిషమే. కానీ పాకం ముదిరిపోయింది. అరిసెలు రాయిలా వస్తాయి. పోయింది ఒక్క నిమిషం అని ఏ ఇల్లాలూ అనదు. నర్సాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళను అడిగినా చెబుతారు, కుట్ల లెక్క మధ్యలో పలకరిస్తే ఏమవుతుందో. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెడుతూ వెనక్కి తిరిగి మాట్లాడినవాళ్ళకూ తెలుసు.

ప్రోగ్రాము రాయడం అంటే కంప్యూటర్‌కు ఏ పని తరవాత ఏ పని చేయాలో వరసగా, ఒక్క అడుగూ తప్పకుండా చెప్పడం. ఇక్కడ ఒక మాట మారిస్తే ఎక్కడో వందో పేజీలో ఇంకోటి చెడుతుంది. ఇది మారిస్తే అది ఏమవుతుంది, అది మారితే ఇంకోటి ఏమవుతుంది అని ఆ గొలుసంతా ఒకేసారి తలలో పట్టుకోవాలి. పైకి చూస్తే మనిషి తెర వంక కళ్ళప్పగించి కూర్చున్నట్టే ఉంటుంది. చేతులు కూడా కదలవు. నిజానికి పని బాగా సాగుతున్నది అప్పుడే. ఆ గొలుసు ఒకసారి తెగిందంటే మళ్ళీ మొదటి లంకె నుంచి పట్టుకుని రావాలి.

దీని మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ అనే ఆవిడ చాలా ఏళ్ళుగా పరిశోధనలు చేస్తున్నారు. ఆఫీసుల్లో మనుషుల పక్కనే కూర్చుని, గడియారం పెట్టి, ఎవరెప్పుడు పని ఆపారో, మళ్ళీ ఎప్పుడు అందుకున్నారో రాసుకున్నారు. తెగిన పనిలోకి తిరిగి రావడానికి ఇరవై నిమిషాల పైనే పడుతున్నట్టు తేలింది. ఎందుకంటే మధ్యలో ఇంకో రెండు పనులు దూరతాయి. 2008లో వచ్చిన మరో పరిశోధన నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. మధ్యమధ్య ఆటంకాలు కలిగినవాళ్ళు పని ఆలస్యం చేయలేదు. ఇంకా తొందరగా ముగించారు! కానీ ఆ తొందరకు మూల్యంగా వాళ్ళకు ఒత్తిడి, విసుగు, హడావుడి అన్నీ పెరిగాయి. ఇంటిల్లిపాదికీ అన్నీ సమయానికి అందిస్తూ, సాయంత్రానికి ఎందుకో తెలియకుండా కళ్ళనీళ్ళు పెట్టుకునే ఆడవాళ్ళు గుర్తొచ్చారు నాకు ఇది చదివినప్పుడు.

పాల్ గ్రేహమ్ అని ప్రోగ్రాములు రాసే ఆయన 2009లో ఒక వ్యాసంలో మరో సంగతి చెప్పాడు. మేనేజర్ల రోజు గంటగంటకూ కోసిన హల్వా ముక్కల్లా ఉంటుందట (పోలిక నాది). ఒక ముక్కలో ఒక మీటింగు, ఇంకో ముక్కలో ఇంకోటి. ఏదో ఒక ముక్క పోయినా వాళ్ళకు నష్టం లేదు. కానీ ఏదైనా తయారుచేసేవాళ్ళ రోజుకు కనీసం ఒక పూట అఖండంగా కావాలి. మధ్యాహ్నం మూడింటికి ఒక్క మీటింగు పెడితే, ఆ పూట రెండు ముక్కలై, రెండూ దేనికీ చాలకుండా పోతాయన్నాడు. నిజమే. మరి ఇల్లాలి రోజు ఏ లెక్కలోకి వస్తుందో ఆయన రాయలేదు. పాలవాడు, పనిమనిషి, స్కూలు ఆటో, సిలిండరు, మావగారి మందులు - ముక్కలు కూడా కాదు, తరుగు.

ఇప్పుడు గోడ మీద చీటీల సంగతి. ఇది జపాన్‌లో కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. టొయోటా కంపెనీలో తైచి ఓనో అనే ఇంజనీరు ఉండేవాడు. అమెరికాలో సూపర్‌మార్కెట్లు నడిచే తీరు ఆయనకు నచ్చింది. అక్కడ అరలో సరుకు ఖాళీ అయినంతే మళ్ళీ తెచ్చి నింపుతారు, ముందే తెచ్చి గుట్టలు పోయరు. కార్ల విడిభాగాలకూ అలాగే చేయాలని, ఏది ఎంత కావాలో చెప్పే చిన్న అట్టముక్కలు పెట్టించాడు. వాటిని కాన్‌బాన్ అంటారు. 2000 తరవాత సాఫ్ట్‌వేర్ వాళ్ళు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకున్నారు. గోడ మీద మూడు వరసలు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో చీటీ. పని నడిచేకొద్దీ చీటీ ఎడమ నుంచి కుడికి జరుగుతుంది.

ఇందులో అసలు కిటుకు మధ్య వరసలో ఉంది. "చేస్తున్నవి" కింద రెండో మూడో చీటీలకు మించి ఉండకూడదు. నాలుగోది పెట్టాలంటే ఒకటి పూర్తిచేసి కుడివైపుకు పంపాలి. చాలామంది ఈ నియమం వదిలేసి చీటీలు మాత్రం అంటిస్తారు. అప్పుడది గోడకు అలంకారం, అంతే. నాలుగు పొయ్యిలున్నాయి కదా అని నాలుగు కూరలూ ఒకేసారి ఎక్కించి, ఒకటి అడుగంటి, ఒకటి ఉడక్క, పోపులో ఆవాలు మాడి, చివరికి పెరుగూ ఆవకాయతో భోజనం ముగించిన ఇళ్ళు నేను ఎరుగుదును.

ఈసారి సంక్రాంతికి కావాలంటే చేసి చూడండి. పాత క్యాలెండరు కాగితాలు చీటీలుగా కోసి, ఫ్రిజ్ తలుపు మీద మూడు వరసలు చేయండి. బియ్యం నానబోయడం, పిండి పట్టించడం, బూజులు దులపడం, ఆడపిల్లలకు చీరలు కొనడం, అరిసెలు, జంతికలు, గొబ్బెమ్మలకు పేడ ఎవరి దగ్గర దొరుకుతుందో కనుక్కోవడం - అన్నీ రాయండి. ఒక లాభం నేను చెప్పగలను. ఎన్ని పనులున్నాయో ఇంట్లో మగవాళ్ళ కంటికి మొదటిసారి కనబడుతుంది. మనం చేసే పనికి ఉన్న పెద్ద జబ్బు, అది పూర్తవగానే మాయమైపోవడమే. అంట్లు తోమి పెడితే తోమినట్టు తెలియదు. తోమకపోతేనే తెలుస్తుంది. చీటీ కుడివైపు చేరి నాలుగు రోజులు అక్కడే ఉంటుంది.

తనలో తను మాట్లాడుకోవడం గురించి కూడా చెప్పేస్తాను. మీ ఆడపడుచుగారు మరీ భయపడ్డది దానికే కదా. ప్రోగ్రాములో ఎక్కడో తప్పుంటుంది. దాన్ని బగ్ అంటారు. ఎంత వెతికినా కనబడదు. అప్పుడు బల్ల మీద ఒక రబ్బరు బాతును, అదే, పిల్లలు స్నానాల తొట్టిలో ఆడుకునే బాతు బొమ్మను పెట్టుకుని, దానికి వరసగా వివరించాలి: ఇదిగో ఇక్కడ ఇలా రాశాను, అందుకని ఇలా అవుతుంది, ఆ తరవాత... సగంలోనే "అరె, ఇక్కడే కదా తప్పు" అని తట్టేస్తుంది. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ అనే ఇద్దరు రాసిన ఒక పుస్తకం ద్వారా ఈ బాతు ప్రసిద్ధికెక్కింది. మనకూ అనుభవమే. పిట్టగోడ దగ్గర పక్కింటావిడతో "వదినా, లెక్కలో మూడొందలు తేడా వస్తోంది, పాలకిచ్చాను, కూరలకిచ్చాను..." అని మొదలుపెట్టి, ఆవిడ నోరు విప్పకముందే "ఆ, చాకలికిచ్చాను కదూ" అని వెనక్కి వచ్చేస్తాం. ఆ వదినగారి పాత్రే బాతుది. మీ కోడలి గదిలో బాతు లేదు కనుక గోడతో మాట్లాడుతోంది. కొత్త సంవత్సరానికి ఒక బాతును కొనిపెట్టండి, సంతోషిస్తుంది.

ఇవి కాక ఇంకా చాలా ఉన్నాయి. రోజూ పొద్దున్నే జట్టంతా నిలబడి, పావుగంటలో ఎవరేం చేశారో, ఏం చేయబోతున్నారో, ఏది అడ్డొస్తోందో చెప్పుకోవాలి. నిలబడమనడం ఎందుకంటే కూర్చుంటే మాటలు సాగుతాయని. ఆ పావుగంట గంట అవుతోందని పిల్లలు తిట్టుకోవడం చాలా ఇళ్ళలో వింటున్నాను. ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని, ఒకరు రాస్తుంటే ఒకరు చూస్తూ దిద్దే పద్ధతి ఇంకోటి. దాన్ని కెంట్ బెక్ అనే ఆయన 1990ల్లో బాగా ప్రచారంలోకి తెచ్చాడు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మంచు కొండల మీద ఒక విడిదిలో 17 మంది చేరి, సాఫ్ట్‌వేర్ పని ఎలా చేయాలో ఒక ప్రకటన రాశారు. పదిహేడుగురూ మగవాళ్ళే.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మొదట్లో సంగతి వేరు. గ్రేస్ హాపర్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1906లో పుట్టిన అమెరికన్. గణితంలో డాక్టరేట్. కంప్యూటర్‌కు మనిషి భాషకు దగ్గరగా ఉండే మాటల్లో ఆజ్ఞలివ్వవచ్చని పట్టుబట్టి సాధించిన మనిషి. నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా, 79 ఏళ్ళ వయసులో, 1986లో రిటైరయ్యారు. 1967 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక ఆడవాళ్ళ పత్రిక, కంప్యూటర్ల దగ్గర పనిచేసే అమ్మాయిల మీద వ్యాసం వేసింది. అందులో హాపర్‌గారు ప్రోగ్రాము రాయడాన్ని దేనితో పోల్చారనుకున్నారు? ఇంటికి భోజనానికి నలుగురిని పిలవడంతో. అన్నీ ముందుగా ఆలోచించుకోవాలి, ఏది ఎప్పుడు మొదలుపెడితే ఏది వేళకు అందుతుందో లెక్క చూసుకోవాలి, రెండు పనులూ ఒకటే అని ఆవిడ భావం. ఆ పోలికకు ఇప్పటివాళ్ళు కొందరు మొహం ముడుచుకుంటారు, ఆడవాళ్ళనగానే వంటేనా అని. నాకు మాత్రం ఆవిడ వంటను పెద్దపీట మీద కూర్చోబెట్టారనిపిస్తుంది.

ఇంగ్లండులో ఇంకో ఆవిడ ఉన్నారు. స్టెఫనీ షర్లీ. మీ ఉత్తరానికి అసలు జవాబు ఈవిడ జీవితంలోనే ఉంది. జర్మనీలో యూదు కుటుంబంలో 1933లో పుట్టారు. హిట్లర్ బారినుంచి తప్పించడానికి 1939లో తల్లిదండ్రులు రైలెక్కించి పంపేసిన వేలమంది పిల్లల్లో ఆమె ఒకరు. 1962లో, చేతిలో ఆరు పౌన్లతో, తన ఇంట్లోనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. పెళ్ళయ్యో, పిల్లలు పుట్టో ఉద్యోగాలు మానేసిన చదువుకున్న ఆడవాళ్ళను వెతికి తీసుకున్నారు. అందరికీ ఇంటి నుంచే పని! 2020లో కరోనా వచ్చాక మన ఇళ్ళలోకి వచ్చిన ఏర్పాటును ఆవిడ 58 ఏళ్ళ ముందే చేసి చూపించారు. అప్పట్లో ఇళ్ళలో కంప్యూటర్లు లేవు కదా. భోజనాల బల్ల మీద కాగితం, పెన్సిలు పెట్టుకుని ప్రోగ్రాములు రాసేవారు. అలా రాసినవాళ్ళే కాంకార్డ్ విమానం బ్లాక్‌బాక్సుకు సంబంధించిన ప్రోగ్రాము కూడా చేశారు.

స్టెఫనీ అని సంతకం పెట్టి ఉత్తరాలు రాస్తే కంపెనీలు జవాబు ఇచ్చేవి కాదు. భర్త సలహా మీద "స్టీవ్" అని సంతకం మొదలుపెట్టారు. జవాబులు వచ్చాయి. ఇంట్లో చంటిపిల్లాడి ఏడుపు, గిన్నెల చప్పుడు అవతలివాళ్ళకు వినపడకుండా, టైపు కొడుతున్న చప్పుడును టేపులో రికార్డు చేసి పెట్టుకుని, ఫోను వచ్చినప్పుడల్లా అది వేసేవారట. మొదటి 300 మంది ఉద్యోగుల్లో మగవాళ్ళు ముగ్గురే. 1975లో స్త్రీ పురుష వివక్ష కూడదని అక్కడ చట్టం వచ్చాక, ఆడవాళ్ళకే ఉద్యోగాలిస్తామంటే కుదరదని మగవాళ్ళనూ తీసుకోవాల్సి వచ్చింది. పోనుపోను కంపెనీలో ఉద్యోగులకు వాటాలిచ్చారు. వాళ్ళలో డెబ్భై మంది కోటీశ్వరులయ్యారు. 2025 ఆగస్టులో ఆవిడ కన్నుమూశారు.

పనివాళ్ళు ఎన్ని గంటలు కుర్చీలో కూర్చున్నారని ఆవిడ చూడలేదు. పని పూర్తయిందా, చక్కగా ఉందా, ఇదే చూశారు. పిల్లాడు నిద్రపోయాక చేసుకుంటారో, తెల్లవారుజామున చేసుకుంటారో వాళ్ళిష్టం.

ఇక కూకట్‌పల్లి ఇంటికి వద్దాం. మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. మీరు అలవోకగా రాసేశారు, నేను దాని దగ్గర ఆగిపోయాను. "అబ్బాయికి కాల్స్ ఉంటాయి కాబట్టి వాడి గది వైపు ఎవరం వెళ్ళం." అబ్బాయిదీ అదే రకం ఉద్యోగం. అతని తలుపు మూసి ఉంటే పని. ఆమె తలుపు మూసి ఉంటే? మీరే రాశారు: కొరియర్ వస్తే ఆమె, పనిమనిషి రాలేదంటే ఆమె, పాప స్కూలు నుంచి ఫోనొస్తే ఆమె, మధ్యాహ్నం పోపుకు కరివేపాకు ఎక్కడుందో చెప్పడానికీ ఆమె. రాత్రి పదకొండు దాకా ఎందుకు కూర్చుంటోందని అడిగారు. పగలు తెగిపోయిన టమాటాలన్నీ రాత్రి అతుకుతోందమ్మా. ఆ అతుకులు వేసీ వేసీ అలసి, ఉద్యోగం మానేస్తానంటోంది. అది పని మీద విరక్తి కాదని నాకనిపిస్తోంది. ఒకసారి కూర్చోబెట్టి మెల్లగా అడగండి.

చేయదగ్గవి పెద్ద పనులేం కావు. చిరిల్లో చెప్పినదే ఇంట్లో పెట్టుకోవచ్చు. టమాటా నడుస్తుండగా ఎవరైనా పిలిస్తే, ఇప్పుడు పనిలో ఉన్నానని చెప్పాలి, ఎప్పుడు కుదురుతుందో చెప్పాలి, ఆ వేళకు తనే వెళ్ళి పలకరించాలి. ఈ మూడోది మీ కోడలి బాధ్యత. అయిదు నిమిషాల విరామంలో "ఏంటత్తయ్యా పిలిచారు" అని తనే రావాలి. వస్తుందన్న నమ్మకం ఉంటే ఎవరికైనా పావుగంట ఆగడం కష్టం కాదు. నిజంగా ఆగలేని పనులు ఇంట్లో ఎన్నుంటాయి? పాప కింద పడితే తలుపు బాదాల్సిందే. కరివేపాకు కోసం బాదక్కర్లేదు. కాఫీ ఫ్లాస్కులో పోసి తలుపు పక్కన స్టూలు మీద పెట్టండి, మీగడ కట్టదు. కాలింగ్ బెల్లు మోగితే హాల్లో పేపరు చదువుతున్న మావగారు లేచి తీయవచ్చు. డాక్టర్లు ఎలాగూ నడవమంటున్నారు. కూరగాయలు తెమ్మనే మాట, కరెంటు బిల్లు మాట ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు తగిలిస్తే విరామంలో చూసుకుంటుంది. మధ్యాహ్నం రెండు గంటలు ఆమె వంతు, రెండు గంటలు అబ్బాయి వంతు అని బెల్లూ, ఫోన్లూ పంచుకోమనండి. అబ్బాయి గునిస్తే నా పేరు చెప్పండి.

ఒక్క జాగ్రత్త. ఈ 25 నిమిషాలు శిలాశాసనం కాదు. పని మంచి ఊపులో ఉండగా గంట మోగి చెడగొడుతుందని దీన్ని వదిలేసిన ప్రోగ్రామర్లు చాలామంది ఉన్నారు. కొందరికి యాభై నిమిషాలు కుదురుతుంది, కొందరికి అసలు గడియారమే గిట్టదు. పద్ధతి మనకోసం, మనం పద్ధతి కోసం కాదు. అలాగే ఆలస్యమైన పనికి ఇంకా మనుషుల్ని దింపితే తొందరగా అవుతుందని కంపెనీల పెద్దలు ఇప్పటికీ అనుకుంటూనే ఉంటారు. ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన ఐబీఎంలో చాలా పెద్ద ప్రాజెక్టు నడిపి, చేతులు కాల్చుకుని, 1975లో పుస్తకం రాశాడు: ఆలస్యమైన పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. నెలలు నిండాల్సిన గర్భిణి పోలిక తెచ్చాడు. మనకు విడమర్చి చెప్పనక్కర్లేదు. పెళ్ళివంట ఆలస్యమైందని పది మంది చుట్టాలు వంటింట్లోకి దిగి, ఉప్పెక్కడ, గరిటెక్కడ అని వంటామెను అడిగే దృశ్యం తలచుకోండి చాలు.

మీకు కూడా ఒక టమాటా కావాలి. మీరు ఉత్తరం చివర్లో, ఒకప్పుడు కుట్టుపని బాగా వచ్చేదని, పాపకు పట్టులంగా కుట్టాలని గుడ్డ కొని రెండేళ్ళయిందని రాశారు. రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి ఒక్క 25 నిమిషాలు మీ తలుపు వేసుకోండి. ఆ సమయంలో మందు బిళ్ళలు, టీవీ రిమోటు ఎక్కడున్నాయో చెప్పే బాధ్యత మీది కాదు. ఈ ఏర్పాటు ముందు ఇంట్లో అందరికీ చెప్పండి. కోడలికి చెబితే ఆమెకు వెంటనే అర్థమవుతుంది.

ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న తల్లులు ఇది చదివి టైమరు కొనడానికి పరిగెత్తుతారని తెలుసు. కొనండి, కానీ ఎకాయెకిన 25 పెట్టకండి. చిరిల్లో కూడా పదితోనే మొదలుపెట్టాడు. మొదటి వారం పది నిమిషాలు చాలు, ఆ పదీ ఒకే సబ్జెక్టు. ఫోనులో టైమరు ఉంది కదా అంటారు పిల్లలు. ఫోను వద్దు, ఆటంకాలన్నీ అందులోంచే వస్తాయి. స్టీలు సామాన్ల కొట్లలో వంటింటి టైమర్లు దొరుకుతాయి, తిప్పేవి. టమాటా ఆకారమే అక్కర్లేదు, గుడ్డు ఆకారంలోవీ ఉంటాయి. ముల్లు ముందు పూర్తిగా చివరిదాకా తిప్పి, తరవాత వెనక్కి పదికి తెచ్చి వదలండి. లేకపోతే కొన్ని రకాల్లో గంట మోగదు.